ప్లగ్గులు మార్చాక ఇంజిన్ మిస్సింగ్ కొడుతోందా? కొత్త కాయిల్ కొనకముందు ఇవి చూడండి

మిస్సింగ్ అంటే ఏదో ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం. మార్చకముందు బాగా నడిచిన బండి, ప్లగ్గులు మార్చి స్టార్ట్ చేయగానే వణుకుతోందంటే తప్పు దాదాపుగా చెయ్యి పడ్డ చోటే ఉంటుంది, అది మీ చెయ్యి కావచ్చు, మెకానిక్‌ది కావచ్చు. ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అని పక్కనోళ్లు ఎన్ని చెప్పినా ముందు వాటి జోలికి పోవద్దు, అవన్నీ సరిగ్గా ప్లగ్గులు మార్చిన రోజే కూడబలుక్కుని చెడిపోవు కదా. ఇదంతా పెట్రోలు, గ్యాసు బండ్ల సంగతి. డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గే ఉండదు.

ఒక్క జాగ్రత్త. చెక్ ఇంజిన్ లైటు ఊరికే వెలిగి ఉండటం వేరు, ఆరి వెలుగుతూ మినుకుమినుకుమనడం వేరు. రెండోదైతే బండి నడపొద్దు. కావలి దాకా పోయొచ్చాక చూద్దాంలే అని హైవే ఎక్కారంటే కాలని పెట్రోలు, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. ప్లగ్గుల ఖరీదెక్కడ, దాని ఖరీదెక్కడ.

ఇంజిన్ ఆపి, చల్లారాక బానెట్ ఎత్తండి. ప్లగ్గుల కోసం ఎయిర్ ఫిల్టర్ బాక్స్ విప్పి ఉంటే అక్కడి సెన్సర్ కనెక్టర్, సన్న హోస్ పైపులు మళ్లీ పెట్టారా లేదా చూడండి. పైపు ఊడితే ఉస్సుమని గాలి పీల్చే శబ్దం వస్తుంది, ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది. తర్వాత ప్లగ్గులకి కరెంటు పంపే కాయిళ్ల కనెక్టర్లు ఒక్కొక్కటీ టక్కుమనేదాకా నొక్కండి, పైకి కూర్చున్నట్టే కనిపించి లోపల తగలనివి ఉంటాయి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి, వాటికి కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి. కాయిళ్లు కాకుండా వైర్లున్న పాత బండైతే రెండు వైర్లు తారుమారయ్యాయేమో చూడండి, నాలుగు సిలిండర్ల బండ్లలో ఎక్కువ వాటికి ఫైరింగ్ వరుస, అంటే సిలిండర్లు మండే వరుస, 1-3-4-2.

అన్నీ సరిగ్గానే ఉంటే ఏ సిలిండర్ పనిచేయట్లేదో పట్టుకోవాలి. బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్ ఉంటే సులువు: పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 అంటే రెండోది, అట్లా. స్కానర్ లేకపోతే ఇంజిన్ ఆపి, ఒక కాయిల్ కనెక్టర్ పీకి, స్టార్ట్ చేసి కాసేపు వినండి. వణుకు ఇంకా పెరిగితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు, ఏ తేడా లేకపోతే దొంగ దొరికినట్టే. ఇంజిన్ తిరుగుతుండగా ప్లగ్ వైర్లు మాత్రం పీకొద్దు, షాక్ గట్టిగా కొడుతుంది.

దొరికాక కొత్త కాయిల్ కొనడం కాదు, ఆ కాయిల్‌ని పక్క సిలిండర్‌కి, పక్కదాన్ని దీనికి మార్చండి. మిస్సింగ్ కాయిల్ వెంట పోతే కాయిల్‌దే తప్పు. అక్కడే ఉంటే ప్లగ్గులు కూడా అట్లాగే మార్చి చూడండి. పైసా ఖర్చు లేని పని, అయినా చాలామంది ఇది చేయకుండానే కాయిల్ సెట్టు మొత్తం కొనేస్తారు, నాకదే అర్థం కాదు.

ప్లగ్గు బయటికి తీశాక తెల్ల పింగాణీని బాగా తుడిచి చూడండి. సాకెట్ ఒంకరగా పట్టి తిప్పితే సన్న పగులు వస్తుంది, ఆ దారిలో నల్ల గీత కనిపిస్తుంది, అది ఇంక పనికిరాదు. చేతిలోంచి జారి పడిన ప్లగ్గుకి గ్యాప్, అంటే కొసన స్పార్క్ దూకే సందు, మూసుకుపోతుంది. చాలా బండ్లకి గ్యాప్ 0.7 నుంచి 1.1 మి.మీ. లోపే, మీ బండికెంతో మాన్యువల్‌లో చూసి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులు) కొలవండి. ఇరిడియం ప్లగ్గైతే మధ్య ముల్లుని తాకించొద్దు, సన్నది, విరుగుతుంది. గ్యాస్ కిట్టున్న బండికి స్పార్క్ వోల్టేజీ ఎక్కువ కావాలి కాబట్టి కాయిల్ బలహీనంగా ఉన్నా, గ్యాప్ ఎక్కువైనా గ్యాసు మీద ముందు తెలుస్తుంది, పెట్రోలు మీద మామూలుగానే నడవొచ్చు.

ప్లగ్గు గుంతలో నీళ్లు, ఆయిల్ ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి. ప్లగ్గులు మార్చిన రోజే వాటర్ సర్వీసింగ్ చేయించి ఇంజిన్ మీద ప్రెషర్‌తో కొట్టించుకుంటే నీళ్లు చేరేది అక్కడే. ఆయిల్ ఉంటే వాల్వ్ కవర్ గాస్కెట్ పోయినట్టు. చీమకుర్తి వైపు క్వారీ దుమ్ములో తిరిగే బండైతే ప్లగ్గు విప్పకముందే గుంతలోకి గాలి కొట్టించాలి, లేకపోతే ఆ రాతిపొడి నేరుగా సిలిండర్‌లోకి పోతుంది.

బిగింపు దగ్గర బలం చూపించొద్దు, హెడ్ అల్యూమినియం, మరలు పోతే పెద్ద పని. ముందు చేత్తోనే తిప్పుతూ కూర్చోబెట్టండి. వాషర్ ఉన్న కొత్త ప్లగ్గైతే అది ఆనాక ఇంకో అర చుట్టు, మహా అయితే ముప్పావుకి తక్కువ. వాషర్ లేకుండా వాలుగా కూర్చునే రకానికి చుట్టులో పదహారో వంతు చాలు. వదులుగా ఉంటే టిక్‌టిక్‌మని కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) కారుతుంది, అదీ మిస్సింగ్ లాగే ఉంటుంది.

బండి సరయ్యేదాకా పాత ప్లగ్గులు పారేయొద్దు. పాతది వేస్తే మామూలుగా నడిచిందంటే కొత్తది నకిలీదో, మీ బండికి సరిపడే ప్లగ్గు నంబరు కానిదో అయుంటుంది, షాపులో తిరిగిచ్చేయండి. పాతది వేసినా ఆ సిలిండరే చచ్చిపడుంటే, అప్పుడు ఆటోనగర్‌కి తీసుకెళ్లి ముందు కంప్రెషన్ చెక్ చేయమని, ఆ తర్వాతే ఇంజెక్టర్ ముట్టుకోమని చెప్పండి.