గోల్ఫ్ గ్రీన్ పాడైతే ముందు మందు డబ్బా తియ్యకండి, కప్ కట్టర్ దించి చూడండి

హైదరాబాద్ చుట్టుపక్కల గోల్ఫ్ కోర్సుల్లో గ్రీన్స్ మీద, అంటే హోల్ చుట్టూ పొట్టిగా కోసి పెంచే గడ్డి మీద, పనిచేసేవాళ్ళ కోసం రాస్తున్నా, ముఖ్యంగా కొత్తగా సూపర్‌వైజర్ అయిన పిల్లల కోసం. గ్రీన్ మీద పసుపు మచ్చ కనపడగానే మనవాళ్ళు చేసే మొదటి పని ఫంగిసైడ్ (ఫంగస్ మందు) కొట్టడం, అది తగ్గకపోతే ఇంకో ఫంగిసైడ్, ఆ తర్వాత యూరియా, ఈలోపు గడ్డి పోతది, నెల రోజుల బడ్జెట్ కూడా పోతది. నేను చూసినవాటిలో ఎక్కువ సమస్యలు కింద నీళ్ళు, గాలి సరిగ్గా లేకపోవడం వల్ల వచ్చినవే. కాబట్టి ఏ మచ్చ కనపడినా కప్ కట్టర్ (గ్రీన్‌లో హోల్ కోసే గొట్టం) గానీ సాయిల్ ప్రోబ్ (మట్టి తీసే సన్న గొట్టం) గానీ దించి 6 అంగుళాల కోర్, అంటే గడ్డితో సహా మట్టి ముక్క, తీసి చేతిలో పెట్టుకుని చూడండి, ఒకటి మచ్చలోంచి, ఒకటి పక్కనున్న మంచి గడ్డిలోంచి, రెండూ పక్కపక్కన పెడితే సగం జవాబు అక్కడే దొరుకుతది.

ఏప్రిల్, మే నెలల్లో పళ్ళెం అంత మచ్చలు ఎండిపోతున్నాయి, రోజూ నీళ్ళు పెడుతున్నా లేవట్లేదు

కోర్ తియ్యండి. చుట్టూ తడిగా ఉండి మచ్చ కింద మాత్రం పొడి పొడిగా రాలిపోతుంటే అది జబ్బు కాదు. ఇసుక రేణువుల చుట్టూ చచ్చిన వేర్లు, ఆకుల నుంచి వచ్చిన మైనం లాంటి పూత పట్టి అది నీళ్ళని లోపలికి రానివ్వట్లేదు, తామరాకు మీద నీళ్ళలాగా. కోర్‌ని ఆరబెట్టి పడుకోబెట్టి అంగుళానికొక బొట్టు నీళ్ళు వెయ్యండి, బొట్టు 5 సెకన్లలో ఇంకిపోవాలి, ముత్యంలా నిలబడిందంటే అక్కడ పూత ఉన్నట్టే.

దీనికి స్ప్రింక్లర్ టైమ్ పెంచితే మచ్చ అలాగే ఉంటది, పక్కనున్న మంచి గడ్డి మాత్రం బురద అయితది. ఆ మచ్చ వరకే ఫోర్క్‌తో దగ్గర దగ్గరగా పొడిచి, వెట్టింగ్ ఏజెంట్ (నీళ్ళు ఇంకేలా చేసే మందు) కలిపిన నీళ్ళు పైపుతో మెల్లగా, ఆగి ఆగి పొయ్యాలి, ఒక పది నిమిషాలు పోసి వెళ్ళిపోతే లాభం లేదు, మూడు నాలుగు రోజులు ఓపిగ్గా చెయ్యాలి.

బొట్టు పరీక్షలో పూత లేదని తేలిందా, అప్పుడు స్ప్రింక్లర్‌ని అనుమానించండి. గ్రీన్ మీద పది పన్నెండు ఖాళీ డబ్బాలు, అన్నీ ఒకే సైజువి, పరిచి 15 నిమిషాలు నీళ్ళు వదిలి స్కేల్‌తో కొలవండి. ఒక మూల డబ్బాల్లో సగమే ఉంటే ఆ వైపు హెడ్ వంగిపోయి ఉంటది లేదా నాజిల్‌లో బోరు ఇసుక ఇరుక్కుని ఉంటది.

వానల్లో గ్రీన్ మెత్తగా అయిపోయింది, నాచు పట్టింది, కోర్ తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, జులై ఆగస్టుల్లో మన దగ్గర గ్రీన్స్‌ని చంపేది ఇదే.

ముందు గ్రీన్ కింద ఏముందో తెలియాలి. అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ వాళ్ళు 1960లో మొదట ఇచ్చిన పద్ధతిలో కట్టిన గ్రీన్ అయితే అడుగున కాలువల్లో 4 అంగుళాల డ్రెయిన్ పైపులు, వాటి మీద 4 అంగుళాల కంకర, ఆ పైన 12 అంగుళాల ఇసుక మిక్స్ ఉంటది. తడి తువ్వాలు తీగ మీద ఆరేస్తే పైన ఆరినా కింది అంచు తడిగా ఉంటది కదా, ఇసుక మిక్స్ కూడా అంతే, కంకర తగిలే చోట నీళ్ళు పట్టుకుని ఉంచుతది, బరువు ఎక్కువైతేనే కిందికి వదుల్తది. గడ్డికి తేమ దొరికేది దానివల్లే. కానీ మధ్యలో ఎక్కడైనా సన్న మట్టి పొర ఏర్పడితే నీళ్ళు అక్కడే ఆగుతాయి, గాలి ఉండదు, గాలి లేని చోట బతికే బాక్టీరియా గంధకాన్ని ఆ వాసన గ్యాస్‌గా మారుస్తది, రెండు మూడు అంగుళాల లోతులో నల్లటి పట్టీ కనపడతది. వేర్లు ఆ పట్టీ దగ్గరే ఆగిపోతాయి.

ఆ పొర ఎక్కడి నుంచి వచ్చిందంటే చాలాసార్లు మనం వేసిన టాప్ డ్రెస్సింగ్ (గ్రీన్ మీద పలచగా చల్లే ఇసుక) నుంచే. ఒక ఏడాది వాగు ఇసుక, ఇంకో ఏడాది అది దొరక్క రోబో సాండ్, కాంట్రాక్టర్ ఏది తెస్తే అది. రోబో సాండ్‌లో రాతి పొడి ఉంటది, వాగు ఇసుకలో ఒండ్రు ఉంటది. లారీ దించకముందే గాజు సీసాలో సగం ఇసుక, సగం నీళ్ళు పోసి గట్టిగా ఊపి గంట పక్కన పెట్టండి, పైన మట్టి పొర స్పష్టంగా తేలితే లారీ వెనక్కి పంపండి, మొహమాటం వద్దు. మిక్స్‌లో కనీసం 60 శాతం రేణువులు 0.25 నుంచి 1 మి.మీ. మధ్య ఉండాలి, ఒండ్రు 5 శాతం, బంకమట్టి 3 శాతం దాటకూడదు. ఇది ల్యాబ్‌లో తేలాల్సిందే, సీసా పరీక్ష గేటు దగ్గర ఆపడానికి మాత్రమే.

పొర ఉందని తేలాక చేసేది ఈ వరసలో. మొదట డ్రెయిన్ పైపు బయటికొచ్చే చివర వెతకండి, వాన పడ్డాక అక్కడి నుంచి నీళ్ళు రాకపోతే మట్టి పేరుకునో చెట్ల వేర్లు దూరో మూసుకుని ఉంటది, దాన్ని తెరవకుండా పైన ఏం చేసినా దండగ. తర్వాత వాన తెరపి ఇచ్చినప్పుడు అర అంగుళం బోలు టైన్స్‌తో (గొట్టాల్లాంటి ముళ్ళతో) ఏరేషన్ చేసి, అంటే గాలి ఆడేలా రంధ్రాలు చేసి, బయటికొచ్చిన కోర్లన్నీ ఎత్తేసి, ఆ రంధ్రాలని పైదాకా మొదట గ్రీన్ కట్టిన ఇసుక లాంటిదానితోనే నింపండి. సగం నింపి వదిలేస్తే మళ్ళీ మూసుకుపోతది. నాచుకి మాంకోజెబ్ అనే ఫంగిసైడ్ పనిచేస్తది, కానీ చెట్టు నీడ, నీళ్ళు నిలవడం అలాగే ఉంటే రెండు వారాల్లో మళ్ళీ వస్తది. మన గ్రీన్స్‌లో వేసే బెర్ముడా గడ్డి అంటే మన గరికే, నీడలో గరిక మొలవడం ఎక్కడైనా చూశామా? తూర్పు వైపు కొమ్మలు కొట్టించండి.

మరి నిజంగా జబ్బయితే ఎలా తెలుస్తది? పొద్దున మంచు ఆరకముందే వెళ్ళాలి. మచ్చ మీద సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనపడితే అది ఫంగస్, అప్పుడు మందు కొట్టండి. రూపాయి బిళ్ళ అంత మచ్చలు అక్కడక్కడా ఉంటే డాలర్ స్పాట్, దానికి నత్రజని తక్కువవడం కూడా కారణం, కొంచెం నత్రజని ఇస్తే చాలావరకు సర్దుకుంటది.

కోసిన మర్నాడు గ్రీన్ అంతా తెల్లగా కనపడుతోంది

ఒక పరక తెంపి కొస చూడండి. చీలికలు పీలికలుగా ఉంటే కోత మిషన్‌లో తిరిగే బ్లేడ్లు, అదే రీల్, మొద్దుబారింది. రీల్‌కి, దాని కింద కదలకుండా ఉండే బ్లేడ్ బెడ్ నైఫ్‌కి మధ్య కాగితం పెట్టి చేత్తో తిప్పితే ఈ చివర నుంచి ఆ చివర దాకా కత్తెరతో కోసినట్టు తెగాలి. కొస బాగానే ఉండి కింద గోధుమ రంగు కాడలు బయటపడ్డాయంటే గడ్డిని గీకేశారు. మూడు రోజులు వానపడి కొయ్యకుండా ఆపి, నాలుగో రోజు నేరుగా 4 మి.మీ.కి కోస్తే అంతే అయితది. ఒక్క కోతలో మూడో వంతు కన్నా ఎక్కువ తియ్యొద్దు, హైట్ పెంచి మూడు నాలుగు కోతల్లో దించుకుంటూ రండి.

చారలు చారలుగా మాడిపోయింది

మచ్చలకి గుండ్రటి అంచు ఉంటే జబ్బో నీళ్ళో, గీత గీసినట్టు ఉంటే మనిషి పనే. నేను పనిచేసిన ఒక చోట మే నెలలో పదకొండు గంటలకి యూరియా చల్లించాను, ఆ వెంటనే కరెంటు పోయింది, నీళ్ళు పెట్టడానికి రెండు గంటలు పట్టింది. స్ప్రెడర్ (ఎరువు చల్లే బండి) నడిచిన దారి అంతా మూడు వారాలు గ్రీన్ మీద కనపడింది, ఇప్పటికీ బాధగా ఉంటది. ఎండాకాలంలో ఎరువు సాయంత్రమే, అది కూడా మోటార్ ఆన్ చేసి ప్రెషర్ వచ్చిందని చూశాకే బస్తా విప్పండి.

గోరింకలు గుంపుగా వాలి పొడుస్తున్నాయి

కింద పురుగుంది. 4 లీటర్ల నీళ్ళలో రెండు పెద్ద స్పూన్ల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి చదరపు మీటరు మీద పొయ్యండి, లద్దె పురుగు ఉంటే పది నిమిషాల్లో పైకి పాకుతది. అది తినేది రాత్రి కాబట్టి మందు సాయంత్రం కొట్టాలి. వేరు పురుగు మాత్రం సబ్బు నీళ్ళకి రాదు, గడ్డి పట్టుకుని లాగితే చాపలా లేచొస్తే దాన్ని అనుమానించి మట్టి తవ్వి చూడండి.

పీకినకొద్దీ తుంగ పెరుగుతోంది

కాడ వేళ్ళ మధ్య తిప్పితే మూడు మూలలు తగులుతాయి, అదే తుంగ. పీకితే ఆకు చేతికొస్తది, గడ్డ లోపలే ఉండి ఇంకో నాలుగు మొలకలు వేస్తది. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ అనే కలుపు మందు, లేబుల్‌లో గ్రీన్ మీద వాడొచ్చని ఉంటేనే, ముందు ఒక మూల పరీక్షించి, లేత తుంగ మీద కొట్టండి, ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ మొలిచినవాటి మీద ఇంకోసారి. గ్లైఫోసేట్ వైపు పోకండి, బెర్ముడా కూడా చస్తది.

గ్రీన్ మధ్యలో వేరే రంగు, వేరే ఆకు ముక్కలు

టిఫ్‌డ్వార్ఫ్ లాంటి బెర్ముడా రకాలకి విత్తనం రాదు, తీగలు నాటే పెంచుతాం, ఏళ్ళు గడిచేకొద్దీ అందులోంచే తేడా గడ్డి పుడతది. మందుతో పోదు. చిన్నగా ఉన్నప్పుడే కప్ కట్టర్‌తో తీసేసి నర్సరీ గ్రీన్ (మార్చుకోడానికి విడిగా పెంచే గడ్డి) నుంచి మంచి ప్లగ్, అంటే మట్టితో సహా కోసిన గడ్డి ముక్క, పెట్టాలి, చెయ్యి దాటితే గ్రీన్ మొత్తం మార్చాల్సి వస్తది. మీ దగ్గర నర్సరీ గ్రీన్ లేకపోతే తొలకరి పడగానే వెయ్యండి, తీగలు మాత్రం మీ శుభ్రమైన గ్రీన్ నుంచే తెచ్చుకోండి, కింద ఇసుక కూడా గ్రీన్‌లో ఉన్నదే వెయ్యండి, లేకపోతే ప్లగ్ పెట్టిన ప్రతిచోటా గుండ్రటి పొడి మచ్చ పడతది.