ఇంట్లోనే ఫైబర్‌గ్లాస్ కయాక్ సీటు – మూడో పాఠం: పొరలు వేయడం

గత రెండు పాఠాల్లో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) సీటుకు కొలతలు తీసుకుని, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ఉబ్బు అచ్చు చేసుకున్నాం. మూలలన్నీ గుండ్రంగా అరగదీసి, అచ్చును బాగా ఆరబెట్టి, పైన రెండు పూతలు వార్నిష్ వేసే ఉంటారు. వేయకపోతే ముందు ఆ పని చూడండి. ప్లాస్టర్‌లో చెమ్మ మిగిలితే దాన్ని ఆనుకున్న రెసిన్ (గాజు పొరలను అంటించి గట్టిపడే చిక్కని ద్రవం) సరిగా గట్టిపడదు. ఖర్చు కలిసొస్తుందని థర్మోకోల్‌తో అచ్చు చేసినవారికి ఇంకో హెచ్చరిక: పాలిస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. సందు లేకుండా ప్యాకింగ్ టేపు చుట్టనిదే దాని మీద చుక్క కూడా పడనివ్వకండి.

ఈ పాఠమంతా గడియారంతో పని. కలిపిన రెసిన్ ఎంతసేపట్లో బిగుస్తుందో డబ్బాల మీద రాసే గడువులు సాధారణంగా 25 డిగ్రీల వేడికి లెక్కగట్టినవి. విజయవాడలో ఆ 25 డిగ్రీలు చలికాలం పొద్దున్నే దొరుకుతాయి తప్ప, మే నెలలో అర్ధరాత్రి కూడా దొరకవు. వేడి పది డిగ్రీలు పెరిగితే గడువు దాదాపు సగానికి పడిపోతుంది. 25 దగ్గర ఇరవై నిమిషాలు ఆగే రెసిన్ 35 దగ్గర పది నిమిషాలకే బిగుస్తుంది. అందుకే వేసవిలో తెల్లవారగానే మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ముగించండి. దాబా మీద చేస్తుంటే పైన పట్టా కట్టుకోండి. వాన ముసురు పట్టిన రోజుల్లో మాత్రం అసలు వద్దు, గాజు మ్యాట్ (గాజు పోగులను చాపలా అతికిన పరుపు) గాలిలోని తేమను పట్టుకుంటుంది.

ఎంత సరుకు కావాలో లెక్క చూద్దాం. పక్క చెంపలు, వెనక అంచు కలుపుకుని సీటును చదునుగా పరిస్తే సుమారు 62 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు వస్తుంది. అంటే చదరపు మీటరులో మూడో వంతుకు కొంచెం తక్కువ. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ మూడు పొరలు వేస్తే గాజు 420 గ్రాములు. మ్యాట్ తన బరువుకు రెండింతల పైచిలుకు రెసిన్ తాగుతుంది కాబట్టి 950 గ్రాములు అవసరం. బ్రష్షుకు, మగ్గుకు అంటుకుపోయేది కలిపి కిలోంపావు కొనండి. ఒక్కో పొర బిగిశాక సుమారు మిల్లీమీటరు మందం వస్తుంది. ప్రకాశం బ్యారేజీ ఎగువన, భవానీ ద్వీపం చుట్టూ తిరిగే నిలకడ నీటికి మూడు మిల్లీమీటర్లు చాలు. మనిషి భారీగా ఉంటే తుంటి ఎముకలు ఆనే చోట అరచేయి వెడల్పు పట్టీ ఒకటి అదనంగా వేయండి. సీటంతా నాలుగో పొర వేయడం బరువు మోయడమే తప్ప ఇంకేమీ కాదు.

కొనేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. మ్యాట్‌లో గాజు పోగులను కలిపి ఉంచే జిగురు స్టైరీన్‌లో కరుగుతుంది. అందుకే పాలిస్టర్ రెసిన్ తగలగానే మ్యాట్ మెత్తబడి అచ్చు మీద ఒదిగిపోతుంది. ఎపాక్సీ అనే ఇంకో రకం రెసిన్‌లో స్టైరీన్ ఉండదు, ఆ జిగురు కరగదు, మ్యాట్ బిర్రుగా లేచి నిలబడుతుంది. ఎపాక్సీ వాడదలచినవారు మ్యాట్ వదిలి, నేసిన గాజు గుడ్డ తీసుకోండి. ఆటోనగర్‌లో బస్సు, లారీ బాడీలు కట్టే షెడ్ల దగ్గర వాకబు చేస్తే రెసిన్, మ్యాట్, రోలరు అమ్మే కొట్లు తెలుస్తాయి.

ఇక మందు కలపడం. దీన్ని రెండుసార్లు చదవండి. రెసిన్‌తో పాటు రెండు చిన్న సీసాలు ఇస్తారు. ఊదా రంగులో ఉండేది కోబాల్ట్, అంటే బిగియడాన్ని వేగిరపరిచే మందు; నీళ్లలా తెల్లగా ఉండేది హార్డనర్, అంటే రెసిన్‌ను గట్టిపరిచే మందు. ఈ రెండూ నేరుగా ఒకదానిలో ఒకటి పడకూడదు, పడితే భగ్గుమంటాయి. సీసాలు పక్కపక్కన పెట్టకండి, ఒకే సిరంజి రెండింటిలో ముంచకండి. ముందు కొట్టువాడు చెప్పిన మోతాదు కోబాల్ట్‌ను మొత్తం రెసిన్‌లో వేసి బాగా కలిపి పక్కన పెట్టండి. ముందే కోబాల్ట్ కలిపిన రెసిన్ కూడా అమ్ముతారు, అదైతే ఇంకా నయం. హార్డనర్ మాత్రం పని మొదలుపెట్టే క్షణంలోనే, ఆ మగ్గుకు సరిపడా. 30 డిగ్రీల ఉదయం అయితే బరువులో ఒక శాతం, అంటే వంద గ్రాముల రెసిన్‌కు ఒక మిల్లీలీటరు కంటే కాస్త తక్కువ. జనవరి చలిలో ఒకటిన్నర శాతం దాకా పోవచ్చు. ఎండ ఎక్కువగా ఉంది కదా అని ఒక శాతం కంటే తగ్గించకండి. అలా చేస్తే రెసిన్ నెమ్మదిగా బిగియడం కాదు, ఎప్పటికీ పూర్తిగా బిగియదు. టైము చాలకపోతే తగ్గించాల్సింది హార్డనర్‌ను కాదు, మగ్గులో రెసిన్‌ను.

కంటికి అద్దాలు, చేతికి రబ్బరు తొడుగులు తప్పనిసరి. హార్డనర్ కంట్లో పడితే చూపు పోవచ్చు. పడితే వెంటనే పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా ధారగా నీళ్లు కొట్టి, ఆసుపత్రికి పరుగెత్తాలి. మూతికి కట్టుకునే గుడ్డ, దుమ్ము మాస్కు స్టైరీన్ ఆవిరిని ఆపవు, బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పేరుకుంటుంది. కాబట్టి అపార్ట్‌మెంట్ గదిలో, పిల్లలు తిరిగే వరండాలో ఈ పని పెట్టుకోకండి. దగ్గర్లో పొయ్యి, సిగరెట్టు ఉండకూడదని వేరే చెప్పాలా?

అచ్చుకు మైనం పూత నాలుగైదు సార్లు పట్టించి, ప్రతిసారీ ఆరనిచ్చి మెత్తని గుడ్డతో మెరిసేదాకా తుడవండి. ఆ పైన పీవీఏ ద్రావణం పలచగా ఒక పూత. ఆరితే సన్నని పొరలా నిలుస్తుంది, తర్వాత నీళ్లు పోస్తే కరిగిపోతుంది. సీటు ఊడిరావడంలో సగం పని అదే చేస్తుంది.

తర్వాత జెల్ కోట్, అంటే సీటు పైముఖానికి రంగు, నునుపు ఇచ్చే చిక్కటి రెసిన్ పూత. మనది ఉబ్బు అచ్చు కాబట్టి అచ్చును తాకే ముఖమే మనం కూర్చునే ముఖం అవుతుంది, నునుపంతా అక్కడే కావాలి. 160 గ్రాములు హార్డనర్‌తో కలిపి అర మిల్లీమీటరు మందాన సమంగా పూయండి. వేలితో తాకితే జిగటగా తగలాలి, వేలికి రంగు అంటకూడదు. అప్పుడే మొదటి పొర మొదలుపెట్టాలి. అంతకంటే తొందరపడితే కింద జెల్ కోట్ ముడతలు పడుతుంది.

మ్యాట్‌ను ముందే ముక్కలు చేసి వరసగా పెట్టుకోండి. కత్తెరతో కాదు, అంచులు చేత్తో చింపండి. చింపిన అంచులో పోగులు పలచబడి పక్క ముక్కలో కలిసిపోతాయి, కత్తిరించిన అంచు మెట్టులా కనిపిస్తుంది. మగ్గుకు 300 గ్రాములకు మించి కలపకండి. లోతు మగ్గు కంటే వెడల్పాటి ప్లాస్టిక్ పళ్లెం మేలు, పలచగా ఉన్న రెసిన్ తన వేడిని వదిలేసుకుంటుంది. ముందు అచ్చు మీద రెసిన్ తడి పూసి, దాని మీద మ్యాట్ పరచి, బ్రష్షుతో కొట్టండి. రాయవద్దు, రాస్తే పోగులు బ్రష్షు వెంట వచ్చేస్తాయి. కుచ్చు మొనలతో నిలువుగా పొడుస్తూ పోవాలి. తెల్లగా ఉన్న మ్యాట్ ఒక్కో చోటే తడిసి గాజులా పారదర్శకమవుతుంది, కింద జెల్ కోట్ రంగు పైకి కనిపిస్తుంది. ఎక్కడైనా తెల్ల మచ్చ మిగిలిందంటే అది గాలి. రోలరు తీసుకుని మధ్య నుంచి అంచుల వైపు నొక్కి నడిపిస్తే ఆ గాలి చిటచిటమంటూ అంచు దాకా పోయి బయటపడుతుంది. తుంటి, చెంప కలిసే వంపులో మ్యాట్ పదేపదే లేస్తుంది. అక్కడ ఒక చీలిక చింపి, రెండు రెక్కలూ ఒకదానిపై ఒకటి వచ్చేలా పరచండి.

తెల్ల మచ్చ కనిపించగానే రెసిన్ పోయడం అందరూ చేసే పనే. అక్కడ కావాల్సింది రెసిన్ కాదు, రోలరు. రెసిన్ ఎక్కువైన చోట సీటు బరువు పెరుగుతుంది, బలం పెరగదు, పైగా పెళుసవుతుంది.

మగ్గు అడుగు వెచ్చగా తగిలినా, బ్రష్షు ఎత్తినప్పుడు రెసిన్ తీగ సాగినా ఆ మగ్గు అయిపోయినట్టే. జున్నులా గడ్డకట్టిన దాన్ని అచ్చు మీద రుద్దకండి. ఇసుక మీద ఆరుబయట పెట్టేయండి, కుప్పగా ఉన్న రెసిన్ పొగలొచ్చేంత వేడెక్కుతుంది, చెత్తబుట్టలో వేస్తే మంట అంటుకోవచ్చు. బ్రష్షు వెంటనే అసిటోన్‌లో కడగండి, చేతులు మాత్రం సబ్బుతోనే.

రెండు పొరలు తడి మీద తడిగా వేసి, అవి బిగుసుకున్నాక మూడోది వేయడం మన వేడికి సరైన పద్ధతి. మూడో పొర బిగియడం మొదలయ్యాక ఒక మంచి అదను వస్తుంది. రెసిన్ ఇక పారదు, ఇంకా రాయీ కాదు, గోరు దిగుతుంది. ఆ కాసేపట్లో అచ్చు గీత వెంట కట్టర్ బ్లేడు నడిపిస్తే మిగులు అంచు తోలు కోసినట్టు వచ్చేస్తుంది. అది దాటిపోతే రంపం, గాజు దుమ్ము, దురద.

కోసినా సీటును అచ్చు మీదే ఒక రోజంతా ఉంచండి, ముందే తీస్తే వంకర పోతుంది. తర్వాత అంచు కింద చెక్క చీలికలు దూర్చి, సందులో నీళ్లు పోసి, రబ్బరు సుత్తితో మెల్లగా తడుతూ విడదీయండి. ఒక రూపాయి బిళ్లతో సీటంతా తట్టి చూడండి. ఖంగుమనే చోట బాగుంది, డొల్లగా పలికిన చోట పొరల మధ్య గాలి ఉంది, పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. కింది ముఖం కొద్దిగా జిగటగా ఉంటే కంగారు పడకండి, గాలి తగిలిన పాలిస్టర్ రెసిన్ అలాగే ఉంటుంది. జెల్ కోట్ వైపు అసిటోన్ గుడ్డతో తుడిచినప్పుడు జిగటగా మారితే మాత్రం ఇంకా పచ్చిగా ఉన్నట్టు. పట్టా నీడలో మరో నాలుగు రోజులు ఉంచండి.

వచ్చే పాఠంలో సీటును పడవలో బిగిస్తాం. ఈలోగా మడిచిన దుప్పట్ల మీద సీటు పెట్టి, కాళ్లు చాచి ఒక అరగంట కూర్చోండి. తొడ వెనక ఎక్కడ ఒత్తుకుంటుందో, నడుము దగ్గర అంచు ఎక్కడ గుచ్చుతుందో ఆ చోట్లన్నీ పెన్సిల్‌తో గీసి ఉంచండి. వాటిని ఎంత అరగదీయాలో అప్పుడు చూద్దాం.