సింగిల్ పిచ్ బండ: ఎక్కేముందు చూసుకోవాల్సినవి, పైనుంచి దిగే పద్ధతి

బండలెక్కే ఆటలో సింగిల్ పిచ్ అంటే మధ్యలో ఎక్కడా మకాం లేకుండా ఎక్కి, పైనున్న యాంకర్ (రాతికి బిగించిన రెండు బోల్టులు, వాటి రింగులు) నుంచి అదే తాడు మీద కిందికి దిగిపోయే దారి. తాడు పైదాకా వెళ్లి మళ్లీ కిందికి రావాలి కాబట్టి 60 మీటర్ల తాడుకు దారి ఎత్తు 30 మీటర్లు దాటకూడదు.

ముందు రాయి సంగతి. శ్రీకాకుళం, విజయనగరం కొండలన్నీ గ్రానైట్ అనుకుంటే పొరపాటే. చాలా చోట్ల ఉన్నది ఖోండలైట్: తుప్పు రంగు, మధ్యమధ్య ఎర్రటి గార్నెట్ గింజలు, ఎండకూ వానకూ నాని చేత్తో నలిపితే రాలిపోయే పైపొర. అలాంటి రాతిలో బోల్టు (తాడు తగిలించడానికి రాతిలో బిగించే లోహపు మేకు) దిగుతుంది కానీ నిలబడదు. టెక్కలి వైపు క్వారీల్లో కోసే గ్రానైట్ లాంటి గట్టి రాయి కావాలి. గట్టి బండ మీద కూడా ఉల్లిపొరల్లా పెచ్చులు లేస్తాయి. పిడికిలితో తట్టి చూడండి. డొల్లగా మోగితే ఆ పెచ్చును పట్టుకుని లాగొద్దు, దాని మీద బోల్టు కనిపించినా వాడొద్దు. హ్యాంగర్ (బోల్టుకు బిగించిన లోహపు చెవి) చేత్తో తిప్పితే తిరుగుతున్నా, బోల్టు చుట్టూ తుప్పు కారిన మరక ఉన్నా అంతే. వదిలేసిన క్వారీ గోడలు నిటారుగా ఊరిస్తాయి గానీ పేలుళ్లకు లోపల బీటలు వారి ఉంటాయి, వాటి జోలికి పోకండి. రామతీర్థం లాంటి బౌద్ధ, జైన అవశేషాలున్న కొండల మీద డ్రిల్ తీయడమే తప్పు.

రిజర్వ్ ఫారెస్టు అయితే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. ఉద్దానం వైపు ఎలుగుబంట్లు, సీతంపేట వైపు ఏనుగులు ఎక్కడ తిరుగుతున్నాయో వాళ్లకే ముందు తెలుస్తుంది. బండ చూరు కింద కొండ తేనెటీగల పట్టు కనిపిస్తే ఆ దారి మానేయడం తప్ప మార్గం లేదు. తాడు మీద వేలాడే మనిషి పరిగెత్తలేడు.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, నీడ ఉన్న పూట ఎక్కండి. కాగిన బండ మీద చేతులు చెమర్చి పట్టు జారుతుంది. నీళ్లు కారి నల్లబడ్డ చారలు వాన వెలిసిన తర్వాత కూడా చాలాసేపు జారుతూనే ఉంటాయి.

తాడు డైనమిక్ రకం (కుదుపుకు సాగేది), 9.5 నుంచి 10 మి.మీ. మందం, ఈఎన్ 892 (యూరప్ భద్రతా ప్రమాణం) గుర్తు ఉన్నది. పడవలకు కట్టే నైలాన్ తాడు, గీత కార్మికుల మోకు ఎంత లావున్నా వద్దు. పడిన కుదుపును మింగడానికి వాటిని తయారు చేయరు. హార్నెస్ (నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీ), హెల్మెట్, బిలే పరికరం (పైవాడు పడితే కిందివాడు తాడును ఆపేది, ఆ ఆపే పనే బిలే), 120 సెం.మీ. స్లింగ్‌లు (కుట్టిన గుడ్డ పట్టీలు) రెండు, లాకింగ్ కారబైనర్లు (గేటుకు లాక్ పడే లోహపు కొక్కేలు) నాలుగు. క్విక్‌డ్రాలు (పొట్టి పట్టీకి రెండు వైపులా కారబైనర్లు ఉన్నవి) దారిలోని బోల్టుల లెక్కకు మరో మూడు కలిపి.

ఎనిమిది ముడి (8 అంకె ఆకారంలో వేసేది) హార్నెస్‌లోని రెండు లూపుల గుండా వెళ్లాలి, తోక జానెడు మిగలాలి. బిలే ఇచ్చేవాడి వైపు తాడు కొసకు తప్పకుండా ముడి వేయండి. అది లేకపోతే, తాడు చాలని రోజున కొస పరికరంలోంచి జారిపోయి పైవాడు నేల మీద పడతాడు. కట్టుకున్నాక ఒకరి బకిల్, ముడి, లాక్ మరొకరు తాకి చూడాలి.

మొదటి బోల్టు అందేలోపు పడితే ఏ తాడూ ఆపదు. అందుకే వెదురు గడ. క్విక్‌డ్రా పై కారబైనర్ వెన్నును గడ చివర టేపుతో అంటించి, గేటు తెరుచుకుని ఉండేలా చిన్న పుల్ల ఇరికించి, కింది కారబైనర్‌లో తాడు ముందే వేసి హ్యాంగర్‌కు తగిలించండి. కిందికి లాగగానే పుల్ల రాలి గేటు మూసుకుంటుంది. రెండో, మూడో బోల్టు దగ్గర తాడును తల మీదికి గుంజి క్లిప్ చేయాలని చూడకండి. ఆ క్షణంలో జారితే, గుంజిన తాడంతా పడే దూరానికి కలిసి నేల తగులుతుంది. బోల్టు నడుము దగ్గరికి వచ్చాక క్లిప్ చేయండి. తాడు రాతి వైపు నుంచి వచ్చి కారబైనర్ గుండా మీ వైపుకు బయటికి రావాలి. తిరగేసి వేస్తే పడినప్పుడు గేటు మీద మెలిపడి ఊడిపోవచ్చు. తాడు కాలి వెనక ఉంటే పడినప్పుడు తలకిందులవుతారు.

వాలు బండ మీద భయానికి రాతిని కౌగిలించుకుంటారు, జారేది అందుకే. నడుము రాతికి దూరంగా, మడమలు కిందికి దించి, బరువంతా పాదాల మీద వేయండి.

అసలు ప్రమాదం యాంకర్ దగ్గర. పైవాడు తనను కిందివాడు దించుతాడనుకుంటాడు. కిందివాడేమో, పైవాడు తనంతట తానే రాపెల్ చేసి (తాడును తానే వదులుకుంటూ) దిగుతాడనుకుని బిలే తీసేస్తాడు. ఏ పద్ధతో నేల మీదే తేల్చుకోండి. కింద చెప్పేది దించే పద్ధతి, ఇందులో బిలే చివరిదాకా ఉంటుంది.

రెండు బోల్టులకూ చెరో స్లింగ్‌తో మిమ్మల్ని తగిలించుకుని బరువు వేయండి. కొంత తాడు వదలమని అడిగి, ఆ తాడును మడతగా రెండు రింగుల్లోంచీ దూర్చండి. ఆ మడతలో ఎనిమిది ముడి వేసి, లాకింగ్ కారబైనర్‌తో హార్నెస్ ముందున్న బిలే లూప్‌కు తగిలించి లాక్ బిగించండి. ఇప్పుడే, ఇంతకుముందు కాదు, మొదటి ముడి విప్పి ఆ తోకను రింగుల్లోంచి లాగేయండి. ‘టైట్’ అని కేకేసి, తాడు మిమ్మల్ని మోస్తోందని స్లింగ్‌లు వదులయ్యాక నిర్ధారించుకుని, తర్వాత వాటిని తీయండి. రింగుల్లో మడత పట్టకపోతే, విప్పేముందు తాడు చేజారకుండా మరో ముడి వేసి హార్నెస్‌కు తగిలించుకోవాలి.

యాంకర్‌కు ఉన్న గుడ్డ స్లింగ్‌లోంచి తాడు దూర్చి దిగొద్దు. నైలాన్ మీద నైలాన్ రాపిడికి నిమిషంలో కరిగి తెగుతుంది. పదిమంది ఎక్కే రోజున మీ సొంత క్విక్‌డ్రాల మీదుగా దించండి. రింగులు అరగకుండా ఉంటాయి, చివరివాడే వాటిని వాడతాడు.

తాడు లాగేముందు పైకి వెళ్లే కొసలో ముడి విప్పారా చూసుకోండి. అది రింగుల్లో ఇరుక్కుంటే ఎవరో ఒకరు మళ్లీ ఎక్కాల్సిందే.