అభ్యర్థి ఖర్చుల పుస్తకం మీ చేతికొస్తే

చుట్టాల్లో బీకాం చదివినవాడు ఒకడుంటే చాలు, అభ్యర్థి ఖర్చుల పుస్తకం వాడికే అంటగడతారు. 2024 ఎన్నికల్లో కర్నూలులో నాకూ అలాగే వచ్చింది. వచ్చేసారి ఆ పనికి ఒప్పుకునేవారు ముందే ఇవి తెలుసుకోవాలి.

నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందే విడిగా బ్యాంకు ఖాతా తెరిపించండి. భార్యతోనో, కొడుకుతోనో కలిపి ఉన్న ఖాతా చెల్లదు. చందాలూ, సొంత డబ్బూ అందులోనే పడాలి. ఎన్నిక మొత్తం మీద ఒకరి దగ్గర 10,000 రూపాయలకు మించి నగదు తీసుకోకూడదు, ఒకరికి అంతకు మించి నగదు ఇవ్వనూ కూడదు. చాలామంది జారేది ఇక్కడే. ఆటో మైకు అతనికి రోజుకు 2,000 చొప్పున ఆరు రోజులు చేతికిస్తే 12,000 అవుతుంది. ఏ రోజుకారోజు చూస్తే తప్పు కనపడదు.

అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు. నామినేషన్ రోజు నుంచి ఫలితాల రోజు దాకా రాయాలి. పోలింగ్ మే 13న అయిందని పుస్తకం కట్టేస్తే కుదరదు, ఫలితాలు జూన్ 4న కదా వచ్చాయి! ముందే కొన్న కండువాలు తర్వాత పంచినా అవీ ఖర్చే.

మీది ఒక్కటే పుస్తకం అనుకోవద్దు. అధికారుల వీడియో బృందం సభకు వస్తుంది. చూసినవాటికి జిల్లా ధరల పట్టిక ప్రకారం విలువ కట్టి షాడో రిజిస్టర్‌లో రాస్తారు. ఒక సభకు షామియానా అతని మాట నమ్మి 300 కుర్చీలని రాశాను. తనిఖీలో వీడియో ఆపి వరుస వరుసా లెక్కపెట్టారు, 420 తేలాయి. మిగతావి పక్క వీధి మిత్రుడు ఊరికే ఇచ్చాడన్నాను. ఊరికే ఇచ్చినా విలువ కట్టి రాయాల్సిందేనన్నారు. మర్నాటి నుంచి సభ మొదలవకముందే వెళ్లి నేనే లెక్కపెట్టుకున్నాను.

కరపత్రం మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా లేకపోతే ప్రెస్సు నుంచి కట్ట తీసుకోవద్దు. అభిమానులు సొంతంగా ప్రకటన వేయిస్తామంటే, అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేనిదే వద్దనండి. వేస్తే నేరం.

కోడ్ ఉన్నన్నాళ్లూ 50,000కు మించిన నగదుతో తెలంగాణ సరిహద్దులోని పంచలింగాల చెక్‌పోస్టు దాటేవారి దగ్గర కాగితాలుండాలి. ఈ బాధ రాజకీయాలతో సంబంధం లేనివారికే ఎక్కువ. ఆదోని యార్డులో పత్తి అమ్ముకున్న రైతు తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, జేబులోనే పెట్టుకోవాలి. అధికారులు డబ్బు పట్టుకుంటే రసీదు అడిగి తీసుకుని, జిల్లా గ్రీవెన్స్ కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఫలితాలొచ్చిన 30 రోజుల్లో లెక్క జిల్లా ఎన్నికల అధికారికి చేరాలి. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే మూడేళ్లు అనర్హత వేటు పడవచ్చు. మా అభ్యర్థి ఓడిపోయాడు, ఫోను ఎత్తడం మానేశాడు. సంతకాల కోసం వాళ్లింటి అరుగు మీద రెండు పూటలు కూర్చున్నాను.