ఇంట్లో ఒకరికి ఆటలమ్మ పోస్తే

మా పాపకి పోసినప్పుడు ముందు చేసింది, గాలీ వెలుతురూ ఉన్న గది ఒకటి తనకి వదిలేయడం. పొక్కులు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది అంటుకుంటుంది, అందుకే మిగతావాళ్లని 21 రోజుల దాకా గమనిస్తూ ఉండండి. దగ్గరుండి చూసుకునేది ఒక్కరే, అదీ ఇంతకుముందు ఆటలమ్మ వచ్చినవాళ్లో టీకా వేయించుకున్నవాళ్లో అయితే మేలు. గర్భిణులు, నెలల పిల్లలు ఆ గదిలోకి రాకూడదు. ఇది ఎంత చెప్పినా తక్కువే.

పక్క మీద వేపాకు పరచాలనుకుంటే పరచండి, కానీ స్నానం మాత్రం మాన్పించకండి. గోరువెచ్చని నీళ్లు పోసి, మెత్తని పాత నూలు చీర ముక్కతో రుద్దకుండా అద్దాలి. గోళ్లు పొట్టిగా కత్తిరించండి. మా పాప నిద్రలో చెవి వెనక గీరుకుని ఒక పొక్కు చిదిమేసుకుంది, మచ్చ ఇప్పటికీ ఉంది, ఆ మర్నాటి నుంచి రాత్రిళ్లు చేతులకి సాక్సులు తొడిగాను. దురదకి కాలమైన్ లోషన్.

జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే, పిల్లల బరువుని బట్టి. ఆస్పిరిన్ అసలు వద్దు, ఐబుప్రొఫెన్ కూడా వద్దు. పెద్దవాళ్లకి వస్తే ఎక్కువగా బాధిస్తుంది, పొక్కులు వచ్చిన 24 గంటల్లోపే డాక్టర్‌కి చూపిస్తే ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు బాగా పనిచేస్తుంది. ఆయాసం, మగత, మెడ బిగుసుకుపోవడం, పొక్కు చుట్టూ ఎర్రగా వాచి చీము పట్టడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆఖరి పొక్కు కూడా ఎండి చెక్కు కట్టేదాకా బడికి పంపొద్దు.