ఏఐ అసిస్టెంట్‌తో ఇంటి పనులు – 4వ పాఠం: తేదీ వేయని పని చేయని పనే

ఈసారి వారపు ప్రణాళిక చెబుతానన్నాను. అది వచ్చే పాఠానికి జరిగింది. కారణం మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసం: ఇంటి పనులు ఏఐ అసిస్టెంట్‌కు చెప్పి పట్టిక రాయించుకోవడం. చేసినవాళ్లలో ఎక్కువమంది ఒకే ఫిర్యాదు రాశారు: “శుక్రవారం ఉదయం గ్యాస్ బుక్ చేయమని గుర్తుచేయి అన్నాను. తప్పకుండా గుర్తుచేస్తాను అంది. శుక్రవారం వచ్చింది, పోయింది. ఫోను కిక్కురుమనలేదు.”

కిక్కురుమనదు. అడిగినప్పుడు జవాబివ్వడమే దాని పని. కిరాణా కొట్టు గుమస్తా అడిగితే ఖాతా తీసి బాకీ ఎంతో చెబుతాడు గానీ, గడువు రోజున మన తలుపు తట్టడు. ఇదీ అంతే. మరి “తప్పకుండా” అని ఎందుకు అంది? గుర్తుచేయమని అడిగినవారికి సాధారణంగా వచ్చే మర్యాద జవాబు అదే కనుక. ఆ వాక్యం వెనుక అలారం ఉండి తీరాలని ఏమీ లేదు. కొన్నింటిలో నిజంగానే ఏర్పాటు ఉంది. చాట్‌జీపీటీలో చెప్పిన సమయానికి పని చేసిపెట్టే సదుపాయం 2025 జనవరిలో, మొదట డబ్బు కట్టే ఖాతాలకు వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోనులో గూగుల్ వారి అసిస్టెంట్ జెమినీకి అనుమతి ఇస్తే గడియారంలో అలారం పెట్టగలదు. మీ దానిలో ఉందో లేదో దాన్నే అడిగి తెలుసుకోవాలనుకోకండి. గుర్తుచేయమని చెప్పిన మరుక్షణం ఫోనులో గడియారమో, క్యాలెండరో, ఆ యాప్‌లోనే ఉండే రిమైండర్ల జాబితానో తెరిచి చూడండి. అక్కడ కనిపిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నేనైతే ఇంత దూరం కూడా వెళ్లను. డబ్బుతో ముడిపడిన గడువులకు అలారం నా చేత్తో నేనే పెట్టుకుంటాను. అర నిమిషం పని.

రెండో ఫిర్యాదు: పదకొండు పనులు చెబితే, రెండు మూడు సవరణలయ్యాక తొమ్మిదే మిగిలాయని. ఇలా జరుగుతుంది. సవరించిన ప్రతిసారీ అది పట్టికను మొదటి నుంచి కొత్తగా రాస్తుంది. రాసేటప్పుడు “కరెంటు బిల్లు”నూ “మీటరు ఫిర్యాదు”నూ ఒకటిగా కలిపేయవచ్చు, ఒకదాన్ని జారవిడవవచ్చు. అందుకని ప్రతి పనికీ ఒక వరుస సంఖ్య ఇవ్వండి. పని పూర్తయినా ఆ సంఖ్య పోకూడదు, పక్కన “అయింది” అని చేరాలి. అసలు పట్టిక మీ దగ్గరే ఉండాలి. నోట్‌బుక్ అయినా సరే, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకునే సందేశమైనా సరే. నాది వాట్సాప్‌లోనే ఉంటుంది. రంగురంగుల యాప్‌లు నాకు నచ్చవు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీరు పంపిన పట్టికల్లో నాకు చిరాకు తెప్పించింది ఇదే: “రేపు”, “ఎల్లుండి”, “వచ్చే వారం”, “నెలాఖరుకు”.

2026 నవంబరు 2, సోమవారం సాయంత్రం “రేపు అమ్మ లైఫ్ సర్టిఫికెట్ పని, ఎల్లుండి స్కూటర్ ఇన్సూరెన్స్” అని రాశారనుకుందాం. మళ్లీ గురువారం అదే చాట్ తెరిచి “ఏమేమి మిగిలాయి?” అని అడిగారు. మీకు మధ్యలో మూడు రోజులు గడిచాయి. దానికి ఒక వాక్యం కింద ఇంకో వాక్యం, అంతే. కొన్ని యాప్‌లు ఈరోజు తేదీని మనకు కనిపించకుండా దానికి అందిస్తాయి. అయినా మీ సోమవారం వాక్యం ఏ రోజు రాసిందో దానికి తెలియాలని లేదు. కాబట్టి గురువారం నాడు కూడా నిబ్బరంగా “రేపు లైఫ్ సర్టిఫికెట్ ఉంది” అంటుంది. శుక్రవారం అడగండి, శనివారానికి పోతుంది. అడిగినప్పుడల్లా ఆ పని మరునాటికి జరుగుతూనే ఉంటుంది. పట్టిక చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది, అదే ప్రమాదం. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు, తాము బతికే ఉన్నామని తెలిపే ఆ సర్టిఫికెట్‌ను ఏటా నవంబరులో ఇవ్వాలి. ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. (80 ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. రాష్ట్ర పింఛనుదారుల గడువులు వేరు.)

“నెలాఖరుకు” ఇంకా నయవంచన. అదే నవంబరు చూడండి. 28 నాలుగో శనివారం, బ్యాంకులకు సెలవు. 29 ఆదివారం. నెలాఖరు అనుకున్న మూడు రోజుల్లో బ్యాంకు తెరిచి ఉండేది 30, సోమవారం ఒక్కటే. ఆ రోజు మీకు జ్వరం వస్తే?

అందుకే ప్రతి పనికీ రెండు తేదీలు, రెండింటికీ వారం పేరు:

7. అమ్మ లైఫ్ సర్టిఫికెట్ – చివరి తేదీ నవంబరు 30, సోమవారం – చేసే రోజు నవంబరు 10, మంగళవారం
8. స్కూటర్ ఇన్సూరెన్స్ – చివరి తేదీ నవంబరు 19, గురువారం – చేసే రోజు నవంబరు 12, గురువారం

జీవిత బీమాకు ఏడాది ప్రీమియం అయితే 30 రోజులు, నెలవారీ అయితే 15 రోజులు అదనపు గడువు ఉంటుంది కదా అని ఒకరు వాదించారు. ఉంటుంది. దాన్ని పట్టికలో రాయకండి. రాస్తే అదే చివరి తేదీ అయి కూర్చుంటుంది. స్కూటర్ బీమాకు ఆ ఊరట లేదు. గడువు దాటిన మరునాడు బండి బయటికి తీస్తే బీమా లేకుండా తిరిగినట్టే.

చాట్ తెరిచినప్పుడల్లా పాతది కొనసాగించకుండా కొత్తది మొదలుపెట్టి, ఇది అతికించండి. తేదీ ఒక్కటే మారుతుంది:

“ఈరోజు 2026 నవంబరు 5, గురువారం. కింద నా పట్టిక ఉంది, మొత్తం 11 పనులు. వరుస సంఖ్యలు మార్చవద్దు. ఏ పనినీ కలపవద్దు, తీసేయవద్దు. చేసే రోజు దాటిపోయినవి ముందు చూపించు, రాబోయే మూడు రోజుల్లో ఉన్నవి తరువాత. తేదీ లేని పని ఉంటే ఊహించకు, నన్ను అడుగు. పొగడ్తలు వద్దు.”

చివరి వాక్యం నా సొంత గోల. “అద్భుతంగా నిర్వహిస్తున్నారు” అని కరెంటు బిల్లుకు కూడా అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ వాక్యం ఉంచుకోవడం, తీసేయడం మీ ఇష్టం.

నోటితో చెప్పి రాయించేవాళ్లు తేదీలను మాత్రం చేత్తో టైపు చేయండి. పదమూడు, పదిహేడు తారుమారైతే పట్టుకోవడం కష్టం. ఆధార్ సంఖ్య, పాలసీ సంఖ్య, ఓటీపీ పట్టికలోకి రానే రాకూడదు. “అమ్మ పాలసీ” అంటే మీకు తెలుస్తుంది, దానికి అంతకంటే అవసరం లేదు.

అభ్యాసం. ఈసారి కాస్త ఎక్కువే, ఒక ఆదివారం పోతుంది. బీరువా తెరిచి, ఇంట్లో గడువున్న కాగితాలన్నీ బయటికి తీయండి: బండ్ల బీమా, కాలుష్య సర్టిఫికెట్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టులు, ప్రీమియం రసీదులు. వంటింట్లో గ్యాస్ గొట్టం కూడా చూడండి. సురక్షా పేరుతో వచ్చే గ్యాస్ గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి. ఒక్కోదానికి చివరి తేదీ కాగితం చూసే రాయండి, గుర్తున్నది కాదు. తరువాత చేసే రోజు మీరే నిర్ణయించండి. పాస్‌పోర్టుకు ఎక్కువ ఎడం పెట్టండి, ఎందుకంటే చాలా దేశాలు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. ఆపైన పట్టికను అసిస్టెంట్‌కు ఇచ్చి, చేసే రోజుల్లో ఆదివారాలు, రెండో, నాలుగో శనివారాలు ఏవో గుర్తించమనండి. దాని జవాబును గోడ మీది క్యాలెండరుతో వరుస వరుసా సరిచూడండి. వారాల లెక్కలో అది అప్పుడప్పుడు తప్పుతుంది, తప్పు చెప్పినా తడబడదు.

పట్టిక మొత్తం నాకు పంపకండి. అది తప్పు చెప్పిన వరుసలు మాత్రం పంపండి. వారపు ప్రణాళిక వాటితోనే మొదలుపెడదాం.