ఎలిమెంటరీ స్కూలు జ్ఞాపకాలు పోగుచేసి పుస్తకం వేయాలంటే

మన విశాఖ ఎలిమెంటరీ స్కూళ్ళ పూర్వ విద్యార్థులు వేసే సంచికల్లో మాష్టార్లందరూ ఒకేలా కనిపిస్తారు. క్రమశిక్షణ గలవారు, తండ్రిలాంటివారు, దైవసమానులు. ఇరవై పేజీలు చదివినా ఏ మాష్టారు ఎవరో పోల్చుకోలేం. ఇది రాసినవాళ్ళ లోపం కాదు, అడిగిన తీరులో లోపం. "మన బడి గురించి మీ అనుభూతులు రాసి పంపండి" అని గ్రూపులో మెసేజీ పెడితే వచ్చేవి అవే.

ముందు మాష్టార్ల దగ్గరికి వెళ్ళండి. 1970ల్లో పాఠం చెప్పినవాళ్ళలో చాలామందికి ఇప్పుడు డెబ్బై అయిదు, ఎనభై దాటి ఉంటాయి. కమిటీ, సన్మానసభ, శాలువాలు అన్నీ ఆగుతాయి, వాళ్ళ ఆరోగ్యం ఆగదు. చిరునామా తెలియకపోతే రిటైరైన టీచర్లని, పెన్షనర్ల సంఘంలో వాళ్ళని అడగండి. పాతవాళ్ళు ఒకరి సంగతి ఒకరికి చెబుతూనే ఉంటారు.

అప్పటి పిల్లల జాడకి ఆధారం బడిలోని అడ్మిషన్ రిజిస్టరు. హెడ్మాష్టారికి ఎందుకో వివరంగా రాసిన ఉత్తరం ఇచ్చి, వారి ఎదుటే కూర్చుని పేరు, తండ్రి పేరు, చేరిన సంవత్సరం, టీసీ తీసుకున్న సంవత్సరం మాత్రం రాసుకోండి. కులం కాలమ్ జోలికి వెళ్ళొద్దు, పేజీలకి ఫోటోలు తీయొద్దు. పుట్టినతేదీని నమ్మకండి. పాత రోజుల్లో చాలామందికి జూలై 1 లాంటి తేదీ మాష్టారే వేసేశారు. ఆడపిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. రిజిస్టరులో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, ఇప్పుడు వాళ్ళని అత్తింటి పేరుతోనే పిలుస్తారు. అన్నదమ్ముల ద్వారా వెతికితే తొందరగా దొరుకుతారు. ఈ కష్టం పడని సంచికల్లో మగవాళ్ళ జ్ఞాపకాలే మిగులుతాయి. విశాఖ స్టీల్‌ప్లాంటు కోసం ఖాళీ అయిన ఊళ్ళ బడి అయితే గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి వైపు నిర్వాసితుల కాలనీల్లో అడగాలి.

మాట్లాడించేటప్పుడు ఒకరిద్దరినే కూర్చోబెట్టండి. పదిమంది కలిస్తే గట్టిగా మాట్లాడేవాడి జ్ఞాపకమే అందరిదీ అయిపోతుంది. ముందుగా ఒక తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి బడి పటం గీయమనండి: గేటు, గంట, నీళ్ళకుండ, ఒకటో తరగతి ఎటు, తను కూర్చున్న చోటు ఎక్కడ. గీత బాగుండక్కర్లేదు. నీళ్ళకుండ గీస్తుంటే గ్లాసు ఎవరు ముంచేవారు, ఎవర్ని ముట్టుకోనిచ్చేవారు కాదు అన్నది దానంతటదే బయటకొస్తుంది. ఆ తర్వాత చిన్న ప్రశ్నలు అడగండి. మాష్టారు ఎక్కాలు ఎలా అప్పజెప్పించుకునేవారు? పలక దేంతో తుడిచేవారు, తడిగుడ్డా, ఉమ్మా? తప్పు రాస్తే గోడకుర్చీయా, గుంజీలా, బెత్తమా? ఇంటర్వెల్లో గేటు దగ్గర ఏం కొనేవారు, ఎంతకి? "మా టీచరమ్మ చాలా మంచిది" అంటే "ఏం చేసేవారో ఒక్కటి చెప్పండి" అని ఆగండి. ఆగడం ముఖ్యం, మధ్యలో మీరు అందిస్తే మీ మాటే వాళ్ళ మాటవుతుంది.

సెల్‌ఫోన్ రికార్డింగు చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మాట్లాడేవారికి జానెడు దూరంలో, బల్లమీద మడతపెట్టిన తువ్వాలు వేసి ఉంచండి. సీలింగు ఫ్యాను ఆపాలి. విశాఖ ఉక్కపోతకి అరగంటకి మించి ఎవరూ తట్టుకోలేరు కాబట్టి పొద్దున్నే వెళ్ళండి, పెద్దవాళ్ళకీ అదే నయం. గంట రికార్డింగుని టైపు చేయడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఆ పని ముందే పంచుకోండి. మాష్టారు "నేర్పినాను", "ఒచ్చేవోడు" అంటే అలాగే టైపు చెయ్యండి. గ్రాంథికంలోకి మారిస్తే మనిషి పోతాడు.

సంవత్సరం గుర్తులేదంటే అందరికీ గుర్తుండే పెద్ద సంఘటనలతో ముడిపెట్టి అడగండి. విశాఖకి ఉక్కు ఫ్యాక్టరీ కావాలన్న ఉక్కు ఉద్యమం ఉధృతమైంది 1966 చివర్లో. పాకిస్తాన్ గాజీ జలాంతర్గామి విశాఖ దగ్గర మునిగింది 1971 డిసెంబరు మొదట్లో, జై ఆంధ్ర ఉద్యమం 1972-73లో, అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందన్న భయం 1979 జూలైలో. బడిలో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది 2003 జనవరిలో. అంతకు చాలా ముందు పాలపొడి, గోధుమరవ్వ ఉప్మా తిన్నవాళ్ళు వేరే తరం, ఈ రెండూ కలిపేయకండి. "స్కైలాబ్ పడుతుందన్నప్పుడు ఏ తరగతి?" అంటే చాలామంది టక్కున చెప్పేస్తారు.

గ్రూప్ ఫోటోలు దొరకడం కష్టం. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ తుఫానుకి తడిసి పోయినవి ఎన్నో, అందుకే హైదరాబాదులోనో బెంగుళూరులోనో స్థిరపడ్డవాళ్ళ ఇళ్ళలోనూ వెతకాలి. సముద్రపు గాలికి ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకొద్దు, ఎమల్షన్ (బొమ్మ ఉండే పూత) ఊడి ముఖాలు అద్దంమీదే ఉండిపోతాయి. ఫ్రేముతోనే ఉంచి, వెలుతురు పక్కనించి ఏటవాలుగా పడేలా పెట్టి ఫోటో తీయండి. విడిగా ఉన్నవాటిని 600 డీపీఐలో, ముఖాలు చిన్నవైతే 1200లో స్కాన్ చేయించండి. లామినేషన్, సెల్లోటేపు, ఫెవికాల్ ఏవీ వద్దు. వెనక బాల్‌పెన్‌తో రాస్తే ముందువైపు గాడి పడుతుంది, మెత్తటి పెన్సిలు వాడండి. వాట్సాప్‌లో పంపేవారిని డాక్యుమెంటుగా పంపమనండి, మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి అచ్చులో మసకబారుతుంది. పేర్లు వరసగా, ఎడమనుంచి కుడికి, ముగ్గురిని విడివిడిగా అడిగి రాయండి. ఇద్దరు ఒకటే చెబితే వేయండి, లేకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచండి.

దెబ్బల సంగతి, వెనక కూర్చోబెట్టిన సంగతి చెప్పినవారుంటే తీసేయకండి. చెప్పినవారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. నిందపడే మాష్టారి పేరు వదిలేయవచ్చు, జరిగినది వదలకూడదు. ఆ పేజీ లేకపోతే పక్క పేజీలోని మెచ్చుకోలుని కూడా ఎవరూ నమ్మరు.

డీటీపీలో ఎక్కువమంది ఇరుక్కునేది ఫాంట్ల దగ్గర. మీరు యూనికోడ్‌లో ఇచ్చినదాన్ని అను ఫాంట్లలోకి (డీటీపీవాళ్ళు వాడే యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) మారిస్తే వత్తులు చెదురుతాయి, సున్నా అంకె, అనుస్వారం తారుమారవుతాయి. మార్చిన తర్వాతే ప్రూఫు చదవాలి, మార్చకముందు చదివినది లెక్కలోకి రాదు. పేజీలు 16 గుణిజంలో ఉండేలా చూసుకుంటే కాగితం వృథా కాదు. లోపల 70 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) మ్యాప్‌లిథో కాగితం, ఫోటోలకి విడిగా ఎనిమిది పేజీల ఆర్ట్ పేపరు సరిపోతుంది.

అచ్చయ్యాక ఒక కాపీ ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి, ఒకటి ఆంధ్రా యూనివర్సిటీ వి.ఎస్. కృష్ణా లైబ్రరీకి ఇచ్చి రసీదు తీసుకోండి. బడికి రెండు ఇవ్వండి, ఒకటి హెడ్మాష్టారి గదికి, ఒకటి పిల్లల చేతికి. రికార్డింగులు రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్ళలో ఉంచి, ఏడాదికోసారి తెరిచి వినిపిస్తున్నాయో లేదో చూసుకోండి.